యేసుదానం చెవుల మీది మూతలు

ఆ శనివారం పొద్దున యేసుదానం పెట్టుకున్న పని ఒక్కటే. బజారుకు పోవాలి, చెవులు మూసే హెడ్‌ఫోన్ ఒకటి కొనాలి, అన్నం వేళకు ఇల్లు చేరాలి. ఇంత చిన్న పనికి భార్య సుగుణమణిని వెంట తీసుకుపోవడమే ఆయన చేసిన పొరపాటు.

ఆయన గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి ఆఫీసులో టైపిస్టు. బాయిలోకి గాలి ఆడించే పెద్ద ఫ్యాను ఆఫీసు గోడను ఆనుకునే పగలూ రాత్రీ తిరుగుతుంటుంది. దాన్ని మించి వినబడాలని లోపలివాళ్లంతా అరుచుకుంటూనే మాట్లాడుకుంటారు. హెడ్ క్లర్కు గట్టయ్య ఫోను ఎత్తాడంటే, అవతలివాళ్లకు ఫోను లేకపోయినా వినబడుతుందేమో అనిపిస్తుంది. యేసుదానం వేళ్లకేమో ఒక పాడు అలవాటు. చెవిలో పడ్డ మాట కాగితం మీదికి దిగిపోతుంది. బాయిలోకి దుంగలు కావాలని పై ఆఫీసుకు టైపు చేస్తుండగా పక్క కుర్చీ సదయ్య ఆదివారం కూర సంగతి ఎత్తుకున్నాడు. దాంతో దుంగలతో పాటు ఒక మేక తలకాయ కూడా పంపమని కాగితం వెళ్లిపోయింది. పై ఆఫీసు వాళ్లు దుంగలు పంపి, తలకాయ ప్రస్తుతం స్టాకులో లేదని జవాబు రాశారు.

"ఇంకొక్క తప్పు వడ్డదనుకో, బాయి మీద బొగ్గు టబ్బులు లెక్కవెట్టే పనికి పంపుత," అన్నాడు గట్టయ్య. ఎండలో, బొగ్గు దుమ్ములో నిలబడి చేసే పని అది. యేసుదానానికి తన కుర్చీ అంటే ప్రాణం. దాని కోసం చెవులు మూసుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు.

లింగమూర్తి రేడియో దుకాణంలో రెండు రకాలున్నాయి.

"గిది ఎనక తెరిసి ఉంటది సారూ. చెవులకు గాలాడుతది. కని బయటి ముచ్చట లోపటికస్తది," అన్నాడు లింగమూర్తి. "గిదానికి ఎనక మూత ఉన్నది. జర బరువు, చెమట గూడ పడ్తది. కని పెట్టుకుంటె ప్రపంచంతోని నీకు పని లేదు."

"బస్సుల, రైలుల పనికొస్తదా?"

"రైలు కదిలింది గూడ ఎరుకుండది."

యేసుదానం ముందు తెరిచి ఉన్నదాన్ని తగిలించుకున్నాడు. "సుగుణా, ఏమన్న మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"రోజు మాట్లాడేదే."

సుగుణమణి అందుకుంది. "వానొస్తే పొయ్యి మీద కురుస్తంది. పెంకులు మార్పియ్యుమని ఎన్నడు చెప్పిన, నువ్వెన్నడు ఇన్నవు?"

ప్రతి మాటా వినబడింది. యేసుదానం ముఖం వాడిపోయింది. దాన్ని తీసి మూత ఉన్నదాన్ని పెట్టుకున్నాడు. సుగుణమణి పెదవులు ఆడాయి, చెయ్యి ఆడింది, వేలు పైకప్పు వైపు లేచింది. ఆయన ముఖంలో మాత్రం క్రిస్మస్ నాడు చర్చిలో కూడా కనబడనంత ప్రశాంతత కనబడింది.

"గిదే ఇయ్యి," అన్నాడు.

సుగుణమణి మనసు చివుక్కుమంది. "నీకు ఇనవడద్దంటె ఇనవడకపాయె. ఇగ నేనేం చెప్ప," అంది. ఆ మాట ఆయనకు వినబడలేదు.

మర్నాడు చర్చి అయ్యాక పిల్లలతో కమాన్‌పూర్‌లోని అత్తగారింటికి మంథని బస్సెక్కారు. యేసుదానం హెడ్‌ఫోన్ పెట్టుకుని, దాని తీగ చివర చొక్కా జేబులో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఊరు రాగానే కండక్టరు అరిచాడు. సుగుణమణి ఒకసారి పిలిచింది. రెండోసారి పిలవబోయి, నిన్నటి మాట గుర్తొచ్చి, పిల్లలను తీసుకుని దిగిపోయింది.

ఇంటి ముందు తమ్ముడు స్తెఫను ఎదురొచ్చాడు. "అక్కా, బావ ఏడి?"

"మంథనికి పోయిండు."

"ఏం పని మీద?"

"పనేం లేదు. కండక్టర్ అరిసిండు, నేను పిలిసిన. ఆయనకు ఇనవడలే."

స్తెఫను గొంతు తగ్గించాడు. "ఎప్పటిసంది గిట్ల?"

"పెండ్లయినప్పటిసంది," అంది సుగుణమణి, చెప్పులు విడుస్తూ.

సోమవారం ఆఫీసులో యేసుదానం హెడ్‌ఫోన్ పెట్టుకుని టైపు మిషను ముందు కూర్చున్నాడు. సదయ్య పిలిచాడు. పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచాడు. అప్పుడూ పలకలేదు. సదయ్య కళ్లు చెవుల మీది మూతల నుంచి తీగ వెంట కిందికి దిగి, చొక్కా జేబు దగ్గర ఆగాయి. ఆ రోజుల్లో చెవిటివాళ్ల మిషన్లు అట్లాగే ఉండేవి. జేబులో డబ్బీ, డబ్బీ నుంచి చెవికి తీగ. కాకపోతే చెవిలో పెట్టుకునేది చింతగింజంత ఉండేది.

"మిషిన్ గింత పెద్దగుందంటె చెవుడు గూడ పెద్దదే సార్," అన్నాడు సదయ్య దిగులుగా.

గట్టయ్య ఆ రోజు టైపయిన కాగితాలన్నీ చూశాడు. ఒక్క తప్పు లేదు. "ఇగ అనుమానం లేదు," అన్నాడు. "మనం అనేది ఒక్క ముక్క ఇనవడ్తలేదు పాపం."

బొగ్గుబాయి ఊళ్లో చెవుడు వట్టి రోగం కాదు. పనికి పనికిరాడని దవాఖానలో తేల్చితే ఆ మనిషి ఇంటికి పోతాడు, ఉద్యోగం అతని ఇంటి మనిషికి వస్తుంది. దానికి 'అన్‌ఫిట్' అని పేరు. కొడుకులకు నౌకరీ ఇప్పించాలని మంచి చెవులున్నవాళ్లు కూడా అన్‌ఫిట్ కావాలని తిప్పలు పడుతుంటారు.

సదయ్య మంచివాడు. యేసుదానం ఎదుట నిలబడి ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "అన్నా, నీకు అందరు ఆడివిల్లలే, కొడుకులు లేరు. నీ బామ్మర్దికి నౌకరొస్తది. దవాఖానకు నీ పేరు ఇయ్యమంటవా?"

తల ఊపితే ఎవరైనా వెళ్లిపోతారని యేసుదానం అప్పటికే కనిపెట్టాడు. చిరునవ్వుతో ఊపాడు. సదయ్య కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

కబురు ఆ వారంలోనే కమాన్‌పూర్ చేరింది. స్తెఫను బీడీల ఆకు ఆరబెట్టే తునికాకు కల్లంలో పని మానేసి, డ్యూటీ బూట్లు కొనుక్కుని, కోడిపుంజును చంకన పెట్టుకుని దిగాడు. చెవిటి బావతో మాటలెందుకని చేతులతో సైగ చేశాడు. బామ్మర్దికి గొంతు పోయిందనుకుని యేసుదానం కూడా సైగలే చేశాడు. అన్నం తిన్నంతసేపూ ఇద్దరూ చేతులూపుకుంటూనే ఉన్నారు. సుగుణమణి మారు మాట్లాడకుండా ఇద్దరికీ వడ్డించింది.

మర్నాడు గట్టయ్య బుధవారం దవాఖానకు రమ్మన్న కాగితం చేతికిచ్చాక గాని యేసుదానానికి సంగతి తెలియలేదు. హెడ్‌ఫోన్ పీకేశాడు. "నాకు చెవుడా? ఎవలన్నరు?"

"నువ్వే తల ఊపితివట," అని అరిచాడు గట్టయ్య.

యేసుదానం కుర్చీ చేతిని పట్టుకుని లెక్క వేసుకున్నాడు. చెవుడని తేలితే కుర్చీ బామ్మర్దిది. కాదని తేలితే, అన్‌ఫిట్ కోసం నాటకమాడాడని తీసుకుపోయి టబ్బుల దగ్గర నిలబెడతారు. ఎటు చూసినా కుర్చీ లేదు. ఆ రాత్రి ఆయన భార్యతో, "నువ్వన్న చెప్పకపోతివి?" అన్నాడు.

"చెప్పిన. నీకు ఇనవడలే," అంది సుగుణమణి.

బుధవారం దవాఖానకు గట్టయ్య, సదయ్య సాక్ష్యానికి వచ్చారు. స్తెఫను బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. డాక్టరు పై ఊరివాడు. చెవుడు నటించేవాళ్లను చూసి చూసి విసిగిపోయాడు. ఈయనేమో రావడంతోనే, "సార్, నాకు మంచిగ ఇనవడ్తది," అని మొరపెట్టుకున్నాడు. ఉద్యోగం పోతుందని భయపడే నిజమైన చెవిటివాడు ఇన్నాళ్లకు దొరికాడని డాక్టరుకు జాలేసింది. పెదవులు చూసి జవాబిస్తున్నాడేమో అని వెనక్కి వెళ్లి, గుసగుసగా అడిగాడు.

"మీ పేరేమిటి?"

"యేసుదానం సార్."

"పొద్దున ఏం తిన్నారు?"

"తినలే సార్. భయానికి సయించలే."

సదయ్య గట్టయ్య వైపు వంగాడు. "సార్, ఎవలు అడగకముందే జవాబులు చెప్తుండు. చెవులతోపాటు మతి గూడ పోయినట్టున్నది," అన్నాడు. తన లెక్క ప్రకారం అది గుసగుస. కాంపౌండులో మందుల వరుసలో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

డాక్టరు సదయ్యకేసి చూశాడు. అతని వెనక్కి వెళ్లి, "మీ సైకిలు ఎవడో ఎత్తుకుపోతున్నాడు," అన్నాడు మెల్లగా. సదయ్య యేసుదానాన్నే జాలిగా చూస్తున్నాడు. డాక్టరు గట్టయ్య వెనక్కి వెళ్లాడు. "మీకు ప్రమోషను వచ్చిందట," అన్నాడు. గట్టయ్య ఆవలించాడు.

"ఆ ఫ్యాను పక్కన మీరెన్నాళ్ల నుంచి ఉన్నారు?" అని డాక్టరు గొంతెత్తి అడిగితే, "చిన్నగ మాట్లాడుండ్రి సార్, మాకేమన్న చెవుడా?" అని గట్టయ్య గొంతు చించుకున్నాడు.

డాక్టరు యేసుదానం చేతిలోని హెడ్‌ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వీటిని వదలకండి. మీ ఆఫీసులో వినబడే చెవులు మీవి మాత్రమే," అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసి మేనేజరుకు పంపాడు.

సంగతి అర్థం చేసుకున్నవాళ్లలో స్తెఫను మొదటివాడు. బావను వదిలేసి గట్టయ్య దగ్గరికి నడిచి, "కాకా, నీకు కొడుకులున్నరా?" అని గట్టిగా అడిగాడు. నలుగురున్నారని తెలిసి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని కమాన్‌పూర్ బస్సెక్కాడు.

యేసుదానం ఏడ్చినంత పని చేశాడు. కుర్చీ దక్కింది. టబ్బుల ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ సంతోషంలో కంపెనీ క్వార్టరుకు పెంకులు మార్పించమని అర్జీ కూడా పెట్టాడు. ఆఫీసులో వినబడేది ఒక్కరికేనని తేలాక ఫోను గట్టయ్య బల్ల మీద ఉండటంలో అర్థం లేదని మేనేజరు దాన్ని యేసుదానం బల్ల మీదికి మార్పించాడు. బాయి లోపలి నుంచీ, పై ఆఫీసు నుంచీ పొద్దంతా అది మోగుతూనే ఉంటుంది. యేసుదానం ఒక మూత పక్కకు జరిపి ఫోను ఆ చెవికి ఆనించుకునే ఉంటాడు.

హెడ్‌ఫోన్‌కు ఇప్పుడు ఒక చెవి మిగిలింది. రెండోది కంపెనీ తీసుకుంది.