పింగ్‌షున్ అడుగుపట్టీ విజయము

తైవాను ద్వీపమున, ఏడాది పొడవునా గాలి తప్ప వేరొక చుట్టము గడప తొక్కని శిన్‌చు నగరమున, కిటికీ తలుపులు దడదడ కొట్టుకొనుచున్న ఒకానొక శనివారపు అపరాహ్ణమున, మాంసపుండల పులుసు కాచు అంగడికి మీది అంతస్తున, ఇరుకు గదిలో మహాసంగ్రామ మొకటి జరిగెను. చుక్క రక్తమైనను చిందలేదు గాని, చెప్పుచుండగా నాకిప్పటికిని ఒళ్లు జలదరించుచున్నది. ఓ విద్యుద్దేవతా! మీటలు నొక్కు వ్రేళ్లకు బలమును, వినువారికి ఓపికను ప్రసాదింపుము. మా తల్లివి గదా, కరెంటు మాత్రము పోనీకుము.

ఆ గదిలో కొలువుదీరినవారు నీలిపిట్ట యను ఆపరేటింగ్ సిస్టమ్‌కు స్వచ్ఛంద పరీక్షకులు. నీలిపిట్ట ఇంకను బీటా దశలోనే, అనగా సగము ఉడికిన అన్నమువలె ఉన్నది. లోకమునకు వడ్డింపకమునుపే అందలి తప్పులు పట్టుట వీరి వ్రతము. తప్పొక్కటి పట్టి నిరూపించినవాని పేరు ఆ సిస్టమ్‌లోనే, కృతజ్ఞతల పుటలో, శాశ్వతముగా నిలుచును. ఆ సాయంకాలముతో గడువు తీరును.

వారి నడుమ, లాయ్ వంశ పయోరాశి పూర్ణచంద్రుడు, సకలవర్ణవిన్యాస చక్రవర్తి, పరీక్షాపరాఙ్ముఖుడు, పింగ్‌షున్ అను యువకుడు కూర్చుండెను. బీటా చేతికందిన నాటినుండి ఆ ధీరుడు ఒక్క తప్పునైనను వెదకినవాడు కాడు. మరేమి చేసెనందురా? తెరకు గులాబిరంగు పూసెను. మౌసు బాణపుగుర్తును పీకివేసి తన పిల్లి తోకను ప్రతిష్ఠించెను. విండోల మూలలు గుండ్రము చేసెను, నచ్చక చదరము చేసెను, పశ్చాత్తప్తుడై మరల గుండ్రము చేసెను. తెర అడుగున వినయముగా పడియున్న, టాస్క్‌బార్ అను పట్టీని పెకలించి నెత్తిమీదికి ఎక్కించెను.

ఇంతకంటె ఘోరమేమనగా, తన పేరు కంప్యూటరులోనికి ఎక్కుచున్నదని నాయనమ్మతో అననే అనెను. ఆ మహాతల్లి కూరగాయల బజారున చెప్పవలసినవారికిని, చెప్పనక్కరలేనివారికిని చాటివచ్చెను. ఇక పేరు రాకున్న ఆ వీధిలో తలెత్తుకొని తిరుగుటెట్లు?

అప్పుడు బృందనాయకురాలు, నిశితదృష్టి, నిర్దాక్షిణ్య, యూ శ్యూమాన్ వచ్చి అతని వెనుక నిలిచెను. కళాశాలలో అతనికంటె ముందు చదివినది గావున, ఆ దేశపు ఆచారము చొప్పున అతనికామె అక్క. విండో తెరచునపుడు వణకుచున్నది చూడుమని అతడాశతో చూపగా, ఆ వణుకు మన నీలిపిట్టదా, నీవు తొడిగిన గులాబి చొక్కాదా అని ఆమె అడిగెను. చొక్కా విప్పి చూడగా వణుకు మటుమాయము. తరువాత చూపినవన్నియు ఆ చొక్కా నిర్వాకమే.

అంతలో ఆమె చూపు యంత్రము నెత్తిన ఉన్న చిరుతిండి పొట్లముపై పడెను. ఆ సీమలో యంత్రము మొరాయింపకుండుటకై, ‘బుద్ధిగా ఉండు’ అని అర్థమిచ్చు పేరుగల మొక్కజొన్న చిరుతిండిని దానిమీద ఉంచుదురు. పొట్లము పచ్చనిదే కావలెను, వేరు రంగైన యంత్రము అలుగును. ఇంజనీర్లు సయితము దీనిని దాటరు. మన వీరుడు గులాబి పొట్లమును ఉంచెను.

“ఇదేంట్రా?” అన్నది శ్యూమాన్, గొంతు తగ్గించి.

“రంగు కలవాలి కదక్కా. పచ్చది పెడితే అందమంతా పోతోంది.”

పక్కబల్ల యోధుడు తన యంత్రమును మెల్లగా అవతలికి జరుపుకొనెను.

“జ్వరముందేమో చూడరా అని పిలిస్తే బొట్టూ కాటుకా దిద్దుతూ కూర్చున్నావు. సిస్టమ్ మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించు. లేదా లేచి ఇంటికి పో. మీ నానమ్మకి నువ్వే చెప్పుకో.”

అప్పుడా వీరుని హృదయకుహరమునుండి మహావాక్యము లిట్లు పొంగెను. “ఓసి నా పాటలవర్ణ తెరా! వర్తులకోణ శోభితా! మార్జాలలాంగూల విరాజితా! నిన్నీ చేతులతోనే సింగారించితిని. ఈ చేతులతోనే తుడిచిపెట్టనా? కీర్తికొరకు ఇంతటి క్రౌర్యమా?” ఇదంతయు లోలోపలనే జరిగినది. పైకి మాత్రము, “సరే అక్కా” అనెను.

తుడిచెను. పచ్చని పొట్లము పెట్టెను. నీలిపిట్ట మరల ఎక్కుచుండగా క్రింది అంగడినుండి పులుసు తెచ్చుకొని, మిరియాలపొడి చల్లుకొనుటయు మరచి త్రాగెను. పుట్టినప్పటి బూడిదరంగుతో తెర వెలిగెను. అడుగుపట్టీ అడుగుననే ఉన్నది. దానిని పైకెత్తుటకు చేయి దురదపెట్టినను, పళ్లబిగువున ఓర్చుకొని తప్పులకై గాలింపసాగెను. పొద్దు వాలెను. ఒక్కటియు దొరకలేదు.

అప్పుడు, పేరెక్కినదా అని నాయనమ్మ సందేశము వచ్చెను. ఇంకా లేదని వ్రాయబూనెను. ఆ దేశపు లిపిలో ధ్వనులు నొక్కినంతనే, వానికి సరిపడు అక్షరములు చిన్నపెట్టెలో వరుసగా నిలుచును, కావలసినది ఏరుకొనవలెను. నొక్కెను. పెట్టె రాలేదు. కన్నీరు అడ్డమొచ్చెనేమో అని కన్నులు తుడుచుకొని వంగి చూచెను. ఆహా! పెట్టె వచ్చినది, వచ్చి అడుగుపట్టీ క్రింద దాగినది, దాని అంచు మాత్రమే వెలుపలికి కనబడుచున్నది.

ఇందరు ఇన్నాళ్లుగా వ్రాయుచుండగా అట్లు జరుగుటకు వీలులేదని శ్యూమాన్ కొట్టివేసెను. తీరా చూడగా పక్కబల్ల యోధుని పట్టీ నెత్తిన ఉన్నది. వాని పక్కవానిదియు నెత్తిననే. బీటా చేతికందగానే పట్టీని లేపుట ఆ బృందమున ఎవరును అనుకొనకయే పాటించు ఆచారము. అందుచేత ఎవ్వరికిని పెట్టె దాగలేదు. అందరును నాయకురాలివంక తిరిగిరి. ఆమె పట్టీ తెర ఎడమ అంచుకానుకొని నిలుచుండెను.

“అంటే, పక్కనుంటే కంటికి హాయిగా ఉంటుందని...” అన్నది శ్యూమాన్, చెవులు ఎర్రబడగా.

“కాటుకా అక్కా?”

“నోర్మూసుకుని రిపోర్టు రాయి.”

ఆమె స్వయముగా వేరొక యంత్రమును తుడిచి, ఎక్కించి, వ్రాసి చూచెను. అక్కడను పెట్టె దాగెను. గడువు తీరకమునుపే నీలిపిట్ట నిర్మాతలనుండి తీర్పు వచ్చెను. తప్పు నిజమే, తీవ్రత అత్యల్పము, తీరికున్నప్పుడు చూచెదము, పరీక్షకుని పేరు చేర్చితిమి. మన వీరుడు కుర్చీపైననే గుండ్రముగా తిరిగెను. సంతోషము పట్టలేక నాయనమ్మకు ఫోను చేసెను.

“పట్టుకున్నా నానమ్మా. నా పేరు ఎక్కింది.”

“మా నాయనే. మరి ఆ తప్పు తీసేశావా?”

“తీయడం నా పని కాదు. ఉందని చెప్పానంతే.”

“సరేలే. బజారులో మాత్రం తీసేశావనే చెప్తాను.”

కావున, ఓ శ్రోతలారా, దిగ్దంతులదరునట్లు చాటుచున్నాను, వినుడు: సకలాలంకారములను త్యజించి, బూడిదరంగు భూమిపై ఒంటరిగా పోరాడి, ఒక చిన్నపెట్టె ఒక సన్నపట్టీ క్రింద దాగుచున్నదని లోకమునకు తెలిపిన ప్రథమ మానవుడు లాయ్ పింగ్‌షున్. ఆ పెట్టె ఇప్పటికిని అక్కడనే ఉన్నది.