పచ్చగున్నది మేడం

పిల్లల్లో సౌందర్య దృష్టి పెరగాలంటే ముందుగా వాళ్ల డ్రాయింగ్ పీరియడ్ తీసేయాలి. ఈ మాట నేను అనడం లేదు, పరిశోధన అంటోంది. నేను వినయంగా తల ఊపుతున్నాను, అంతే.

మా ఆర్మూరులోని ఒక సర్కారు బడిలో గంగమణి టీచర్ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆరో తరగతికి బొమ్మలు వేయడం నేర్పేవారు. పిల్లలు వారమంతా ఆ ఒక్క పీరియడ్ కోసం ఎదురుచూసేవారు. ఇది మంచి లక్షణమా? బడిలో పిల్లలు సంతోషంగా ఉన్నారంటే ఎక్కడో ఏదో లోపం జరుగుతున్నట్టే. నేను కాన్వెంటులో చదివినదాన్ని. అటువంటి లోపం మా సిస్టర్లు ఏనాడూ జరగనివ్వలేదు.

అదృష్టవశాత్తు, ‘తరగతి గది సంభాషణ ద్వారా సౌందర్యానుభూతి’ అనే అంశం మీద పరిశోధన చేస్తున్న స్నేహలత గారు హైదరాబాదు నుంచి వచ్చారు. పిల్లలకు ఒక చిత్రం చూపిస్తారు, దాని గురించి మాట్లాడిస్తారు, ఎంత అనుభూతి పుట్టిందో ట్యాబ్‌లో నమోదు చేస్తారు. చాలినంత పుడితే గంగమణి టీచర్ పీరియడ్ ఉంటుంది. లేకపోతే ఉండదు. ఇంతకంటే న్యాయం ఏముంటుంది? రిటైరైన పంతులమ్మనని నన్ను కూడా వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు, నోరు విప్పకూడదన్న షరతు మీద.

తెర మీద చిత్రం వెలిగింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు రంగు పూల చేను.

“పిల్లలూ, ఇందులో ఏ రంగు ఎక్కువగా కనిపిస్తోంది?”

“పచ్చగున్నది మేడం,” అంది తరగతి ఒక్క గొంతుతో.

స్నేహలత గారి ముఖం చిన్నబోయింది. “తొందరేం లేదు. బాగా చూసి చెప్పండి.”

“మస్తు పచ్చగున్నది మేడం,” అన్నాడు ముందు వరుసలోని బబ్లు, ఆవిడ సందేహం పూర్తిగా తీర్చేస్తూ.

ట్యాబ్‌లో రంగుకు సంబంధించి ఉన్నవి రెండే మీటలు: పసుపు, ఆకుపచ్చ. ఆవిడ నిట్టూర్చి ఆకుపచ్చ నొక్కారు. చేనైనా పసుపైనా మన నోట పచ్చగానే ఉంటుందని ఆ ట్యాబ్‌కు ఎవరు చెప్పాలి? పచ్చకామెర్లు వచ్చినవాడి కళ్లు ఆకు రంగుకు తిరగడం నా ఇంత వయసులో నేనైతే చూడలేదు. కానీ షరతు షరతే.

అప్పుడు వేల్పూర్ వైపు పసుపు రైతు కూతురు సంధ్యారాణి లేచింది. “చేన్ల గింత పచ్చగ ఏడుంటది మేడం? ఉడకవెట్టిన కొమ్ము ఇరగ్గొడితే లోపట గిట్లుంటది.”

“వంటల గురించి తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు రంగు గురించి చెప్పమ్మా.”

“వంట గాదు మేడం, కొమ్ము…”

పసుపు కొమ్మని చెప్పేలోపే ‘విషయాంతరం’ అనే మీట నొక్కడం పూర్తయింది. సంధ్యారాణి మాత్రం కూర్చోలేదు. “మరి గిది సూస్తే మీకెట్లనిపిస్తుంది మేడం?”

“నేను చెప్పకూడదు తల్లీ. నేను చెబితే మీరు ప్రభావితమైపోతారు.”

బబ్లు కూడా లేచాడు. “మేం జెప్తే మీరు గారా మేడం?”

తరగతి గొల్లున నవ్వింది. ‘క్రమశిక్షణా లోపం’ అనే మీట కూడా ఉందని మాకు అప్పుడే తెలిసింది.

నివేదిక వచ్చింది. ఈ ప్రాంతపు పిల్లలకు రంగుల తేడా తెలియదట. చిత్రం చూపిస్తే వాళ్లకు తిండి గుర్తొస్తుందట. రంగులు తెలియని పిల్లల చేతికి రంగులివ్వడం వృథా కాబట్టి, డ్రాయింగ్ పీరియడ్ ఎత్తేసి దాని స్థానంలో ‘సౌందర్యానుభూతి సాధన’ పెట్టారు. అంటే, ట్యాబ్‌లో బొమ్మ చూసి మీట నొక్కడం.

ఈ మేలును బడికే పరిమితం చేయడం నాకు నచ్చలేదు. మన మార్కెట్ యార్డు మాటేమిటి? జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన రైతు, ఎక్కడి నుంచో వచ్చిన వ్యాపారి, ఇద్దరూ కలిసి కొమ్ము విరిచి “పచ్చగ మంచిగున్నది” అనుకుంటుంటారు. ఆకుపచ్చ పసుపు అమ్మేవాడొకడు, కొనేవాడొకడు! వాళ్లందరికీ వెంటనే కంటి శిబిరం పెట్టించాలి. పెళ్లికూతురికి పసుపు రాసి “బిడ్డ మొఖం ఎంత పచ్చగున్నదో” అని మురిసిపోయే మేనత్తలను ఆ శిబిరంలో మొదటి వరుసలో నిలబెట్టాలి.

సాధన ఫలించిందనే చెప్పాలి. మొన్న ఆ తరగతికి వెళ్లాను. అదే చేను బొమ్మ కనిపించగానే పిల్లలందరూ ‘పసుపు’ నొక్కారు. ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ నవ్వలేదు, కొమ్ముల ఊసే లేదు. సంధ్యారాణి కూడా నొక్కి చేతులు కట్టుకుంది. సంభాషణ మీద పరిశోధన ఇంత నిశ్శబ్దాన్ని సాధించగలదని మా సిస్టర్లకు తెలిసి ఉంటే బెత్తాలు కొనేవారే కాదు.

స్నేహలత గారు మర్యాదస్తురాలు, రెండో దశ పరిశోధనకు సూచనలు అడిగారు. రాసి పంపాను. ఈసారి ఆవిడ బృందం బెంచీల మీద కూర్చోవాలి, పిల్లలు అడగాలి. ప్రశ్న ఏమిటో సంధ్యారాణిని కనుక్కున్నాను. మెల్లగా అంది: “గా దినం మేం ఏమన్నమో జర చెప్పుండ్రి అని అడుగుత.”

సరైన జవాబు వచ్చేదాకా శుక్రవారం పీరియడ్ తిరిగి గంగమణి టీచర్ దగ్గర ఉంచితే చాలు. జవాబుకు తొందరేమీ లేదు. ఎన్నేళ్లయినా తీసుకోమనండి.