కోడి ఈకకు పడిన కొర్రమట్ట

మృగశిర కార్తె నాడు పొద్దున చంద్రకాంత్ పెట్టుకున్న పని ఒక్కటే. మంజీరకు పోయి, అన్నాల వేళకు ఒక చేప పట్టుకొని రావాలి. మిర్గం అని పిలిచే ఆ రోజు చేప వండని ఇల్లు, నది పక్కనున్న వాళ్ళ ఊరు చిట్కుల్‌లో అరుదు. అందరూ కొనుక్కుంటారు. చంద్రకాంత్ పట్టుకొస్తానన్నాడు.

ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. కిందటి ఏడు కంపెనీ ఆయనను టర్బైను బిగించడానికి హిమాచల్ కొండలకు పంపింది. అక్కడి నదిలో ట్రౌట్ అనే చేప ఉంటుంది. దాన్ని పట్టడానికి వానపాము గుచ్చరు. కొక్కేనికి కోడి ఈక చుట్టి ఈగలాగా చేస్తారు. పొడుగాటి దారానికి కట్టి, గాలిలో ముందుకూ వెనక్కూ ఆడించి, నీటి మీద వాలుస్తారు. చేప ఈగ అనుకొని మింగుతుంది. చంద్రకాంత్ టర్బైను బిగించి, ఈ విద్య కూడా నేర్చుకొని, గాలం కర్రతో కొండ దిగాడు. మనసు మాత్రం అక్కడే వదిలి వచ్చాడు.

ఇప్పుడు కంపెనీ మళ్ళీ మనిషిని పంపుతోంది. ఈసారి రెండేళ్ళు. మేనేజరు రాజశేఖర్‌కు చంద్రకాంతే కావాలి. చంద్రకాంత్‌కు కొండలే కావాలి. భార్య సునంద ఒప్పుకోలేదు.

"ఆడికి పని చేయనీకి పోతవా, చేపలు పట్టనీకి పోతవా?" అంది.

"రెండిటికి."

"కోడీకెకు చేప పడుతదంటే నేను నమ్మ. మిర్గం నాడు గా ఈకెతోనే ఒక్కటి పట్టి నా కండ్లకు సూపియ్యి. నేనే నీ సామాను సర్దుత. పడలేదంటే ఇగ కొండల పేరు ఎత్తొద్దు."

చంద్రకాంత్ సరేనన్నాడు. జవాబు చెప్పడానికి మేనేజరును అదే రోజు భోజనానికి పిలిచారు.

పక్కింటి కిష్టప్పను బండి మీద ఎక్కించుకొని చంద్రకాంత్ నదికి చేరాడు. ఎండకు నది చిక్కిపోయి ఉంది. నడుమ పెద్ద బండ. ప్యాంటు మడుచుకొని నడిచిపోయి దాని మీద నిలబడ్డాడు. కొండల్లో పగటి వేళ మంచు కరిగి నీళ్ళు పెరిగేవి. ఇక్కడ మంచు లేదు కనుక ఆ భయం లేదనుకున్నాడు.

కాసేపటికి సైరన్ మోగింది. పైన ఆనకట్ట నుంచి తాగునీటికి నీళ్ళు వదిలే ముందు మోగే సైరన్ అది. బర్రెలు కాసేవాళ్ళు వాటిని ఒడ్డుకు తోలుకున్నారు. చంద్రకాంత్ ఫ్యాక్టరీల నడుమ, టీ వేళ సైరన్లు వింటూ పెరిగిన మనిషి. సైరన్ వినగానే గాలం పక్కన పెట్టి, ఫ్లాస్కు తీసి టీ తాగాడు. ఒడ్డున కిష్టప్ప కూడా తన ఫ్లాస్కు తీసి తాగాడు. ఆయన ఫ్యాక్టరీ నుంచి రిటైరై చాలా ఏళ్ళయింది గానీ అలవాటు పోలేదు.

ఫ్లాస్కు మూత బిగించి చూస్తే తాను నడిచివచ్చిన దారి లేదు. బండ చుట్టూ ఎర్రటి నీళ్ళు. చంద్రకాంత్‌కు ఈత రాదు. "కిష్టప్పా!" అని కేక వేశాడు. నీళ్ళ హోరులో అది ఒడ్డుకు చేరలేదు. చేసేదేమీ లేక మళ్ళీ గాలం తీశాడు. ఎట్లాగూ చేప కావాలి.

ఆ సమయానికే పక్క ఊరి ఆడవాళ్ళు ఒడ్డున ఉన్న మైసమ్మ గద్దెకు కొబ్బరికాయలతో వచ్చారు. వానల కోసం మొక్కుకోవడానికి. ముందు నడుస్తున్న సత్తెమ్మ ఆగిపోయింది. నది నడుమ బండ మీద ఒక మనిషి. చేతిలో కొరడా. ముందుకు కొడుతున్నాడు, వెనక్కి కొడుతున్నాడు, అరుస్తున్నాడు.

"వామ్మో, తల్లి వచ్చింది గాయనకు!" అంది సత్తెమ్మ.

"తల్లి లేదు, ఏం లేదు. చేపలు పడుతుండు," అన్నాడు కిష్టప్ప.

"చేపలు పట్టెటోడు సప్పుడు చేయకుండ కూసుంటడు. గిట్ల నీళ్ళను కొడుతడా? ఎర ఏది మరి?"

"కోడీకె."

ఆడవాళ్ళందరూ నవ్వారు. "తాతా, పొద్దుగాల్నే ఎంత తాగినవ్?"

కిష్టప్ప ఫ్లాస్కు మూత వాసన చూపించాడు. ఎవరూ చూడలేదు.

జనాన్ని చూసి చంద్రకాంత్‌కు ప్రాణం లేచి వచ్చింది. నడుముకు కట్టుకోవడానికి తాడు విసరమని, నడుము చుట్టూ చెయ్యి తిప్పి చూపించాడు.

"యాప మండలు అడుగుతుండే! నడుముకు కట్టుకుంటడంట!" అంది సత్తెమ్మ. "ఇరువుండ్రి జల్దీ!"

తాడు వెయ్యమని కిష్టప్ప అన్న మాట ఎవరూ వినలేదు. ఎగువ నుంచి వేపమండలు నీళ్ళలోకి వేశారు. కొన్ని కొట్టుకొచ్చి చంద్రకాంత్ కాళ్ళకు చుట్టుకున్నాయి. ఇంకేమీ రాలేదు కనుక ఆయన వాటినే గట్టిగా పట్టుకున్నాడు. ఒడ్డున దండాలు పెట్టారు. ఎవరో డప్పు తెచ్చారు. ఆ చప్పుడుకు ఫ్యాక్టరీ వర్కర్లు కూడా వచ్చి చేరారు. నీళ్ళు పాదాలు దాటేసరికి చంద్రకాంత్ కాళ్ళు వణకసాగాయి. ఆ వణుకు డప్పు దెబ్బకు సరిగ్గా కలిసింది.

కిష్టప్ప సునందకు ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ ఆయన బండ మీదున్నడు. చుట్టు నీళ్ళు. జనం కొబ్బరికాయలు కొడుతున్నరు."

"కొబ్బరికాయలు ఎందుకే కాకా? తాడు ఎయ్యుమను!"

"చెప్పిన బిడ్డా. నన్ను తాగుబోతును చేసిండ్రు."

మేనేజరు రాజశేఖర్ అప్పుడే ఇంటికి వచ్చాడు. ఆయన కారులోనే సునంద నదికి వచ్చింది. వాళ్ళు దిగేసరికి చంద్రకాంత్ గాలం కర్రను జెండాలాగా ఊపుతున్నాడు. ఒక్క ఊపులో ఈక బండ పక్క సుడిలో వాలింది. కర్ర వంగింది. చెయ్యంత కొర్రమట్ట చేప నీళ్ళలోంచి పైకి ఎగిరి మళ్ళీ పడింది. ఒడ్డు ఒడ్డంతా "తల్లీ!" అంది. సునంద మాత్రం తన కళ్ళతో చూసింది.

పైన గేటు మూసినట్టున్నారు, నీళ్ళు తగ్గాయి. ఒక చేత్తో చేప, ఒక చేత్తో కర్ర పట్టుకొని చంద్రకాంత్ ఒడ్డుకు నడిచి వచ్చాడు. సత్తెమ్మ ఎదురుపోయి కాళ్ళకు నీళ్ళు పోసింది. పొద్దుటి నుంచి ఆయన కాళ్ళకు తక్కువైంది నీళ్ళేనన్నట్టు. ఆ తర్వాత చేప అందుకుంది. తల్లి ఇచ్చిన మిర్గం చేప ఒక్కరు తినగూడదని అక్కడే కోయించి, ఇంటికో ముక్క పంచింది. చంద్రకాంత్ చేతికి తోక వచ్చింది.

"సార్," అంది సునంద, "మాటంటే మాటనే. చేప పట్టిండు, నేను చూసిన. కొండలకు తోలుండ్రి."

చంద్రకాంత్ వేపాకుల నడుమ నుంచి నవ్వాడు.

రాజశేఖర్ అప్పటికే బూట్లు విప్పి నిలబడ్డాడు. "అమ్మవారు వచ్చే మనిషిని నేనెలా పంపుతానమ్మా?" అన్నాడు.

"సార్, నాకు ఏ అమ్మవారు రాలే," అన్నాడు చంద్రకాంత్. "నేను చేపలు పట్టిన. అంతే."

"వచ్చినప్పుడు ఆ మనిషికి తెలియదట కదా."

"నాకు అంతా తెలుసు సార్. టీ గూడ తాగిన!"

"వద్దు చంద్రకాంత్. ఈ జనంలో సగం మంది మన వర్క్‌షాపులో వాళ్ళే. నిన్ను ఊరు దాటిస్తే రేపు ఒక్కడూ మెషిన్ ముట్టుకోడు."

వెనక ఉన్న వర్కర్లు తలలూపారు.

"నేనే పంపుతున్న గద సార్," అంది సునంద.

"మీరు పంపినా మేం పంపలేమమ్మా," అన్నాడు రాజశేఖర్, చంద్రకాంత్ వైపు చూసి చేతులు జోడించి.

ఇంటికి పోయి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కూరలో చేపముక్కలు నిండుగా ఉన్నాయి. చంద్రకాంత్ సునంద వైపు చూశాడు.

"పొద్దుగాలనే పటాన్‌చెరుల కొన్న," అంది సునంద. "నువ్వు పడుతవో లేదో. సారుకు కూర ఉండాలె గద."

శుక్రవారం ఫ్యాక్టరీలో కొత్త క్రేనుకు కొబ్బరికాయ చంద్రకాంత్ చేతనే కొట్టించారు. కొండలకు ఒక వెల్డరును పంపారు. వెళ్ళిన వారంలోనే అతను రెండు చేతుల్లో రెండు ట్రౌట్ చేపలతో ఫోటో పంపాడు.

వల వేసి పట్టాడట.