సుగమ్య గది ప్రారంభోత్సవం

కామారెడ్డి పట్టణ ప్రజలకు, ముఖ్యంగా నడవలేని ప్రజలకు, ఒక శుభవార్త. లింగేశ్వర లాడ్జిలో దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా కట్టించిన సుగమ్య గది ఆ మధ్య ఒక మంగళవారం ఘనంగా ప్రారంభమైంది. పిలుపు అందుకొని వచ్చినవాళ్లందరూ చక్కగా నడవగలిగినవాళ్లే కావడం వల్ల కార్యక్రమం ఎక్కడా ఆగకుండా సాగింది. నడవలేని మనిషి ఒక్కతే వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు. గది అద్దెకు తీసుకోవడానికి వచ్చింది.

ఆమె పేరు ఎస్తేర్. ఎల్లారెడ్డిలో ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. వాళ్ల వంశంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. చిన్నప్పుడే కాళ్లు పడిపోయాయి కాబట్టి ఆ డిగ్రీ దాకా చక్రాల కుర్చీలోనే వచ్చింది. తెల్లారి కామారెడ్డిలో శాఖాపరమైన పరీక్ష ఉంది. అందుకని వారం ముందే లాడ్జికి ఫోను చేసి, చక్రాల కుర్చీ పోయే బాత్రూం ఉందా అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

"ఉన్నదమ్మా. జిల్లాలనే లేదు గసొంటిది" అన్నాడు యజమాని లింగం.

తల్లి సాలవ్వను తోడు తీసుకొని బస్సెక్కింది. దారిలో గొంతు తడుపుకోవడానికి తప్ప నీళ్లు తాగలేదు. ఎల్లారెడ్డి నుంచి ఎటు పోవాలన్నా ఆమె ప్రయాణ ఏర్పాట్లలో మొదటిది దాహాన్ని అదుపులో పెట్టుకోవడమే. చేరేది మంచి బాత్రూం ఉన్న చోటికే కదా అని ఆ రోజు కొంచెం ధైర్యంగానే ఉంది.

లాడ్జికి చేరేసరికి గది తలుపుకు ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ముందర షామియానా, కుర్చీలు, మైకు. ఆమెను చూడగానే లింగం చేతులు వాటంతట అవే జోడయ్యాయి. పొద్దుటి నుంచి ఆయన మనసులో ఏదో వెలితిగా ఉంది. పంతులును పిలిచాడు, ఫోటోగ్రాఫరును పిలిచాడు, పత్రికల వాళ్లను పిలిచాడు, దివ్యాంగులను పిలవడం మరిచిపోయాడు. ఇప్పుడు ఆ లోటు తనంతట తానే కుర్చీలో కూర్చొని వచ్చి గుమ్మం ముందు ఆగింది.

వెంటనే ఆమెను విశిష్ట అతిథిగా ప్రకటించారు. శాలువా కప్పారు. విశిష్ట అతిథికి మర్యాద తక్కువ కాకూడదని కొబ్బరి బోండం ఇచ్చారు. అది అయిపోగానే నిమ్మ షర్బత్తు, దాని వెనక చాయ్. పెద్దలు చేతికిచ్చింది కాదనడం ఎస్తేర్‌కు ఇంట్లో నేర్పలేదు. అన్నీ తాగింది. ఈ కథలో కష్టం అక్కడ మొదలైంది.

"అయ్యా, నా బిడ్డకు బాత్రూం అక్కరున్నది. జర తాళం తియ్యుండ్రి" అంది సాలవ్వ.

"తీస్త గాని అవ్వా, రిబ్బన్ కట్టినం గద. కత్తిరియ్యకముందే లోపలికి పోతే అపశకునమైతది. అధ్యక్షులు దార్లనే ఉన్నరు" అన్నాడు లింగం.

మెట్ల కింద మామూలు మరుగుదొడ్డి ఒకటి ఉంది. దాని తలుపు ఎస్తేర్ కుర్చీ కన్నా జానెడు సన్నం. లోపల గొంతుక్కూర్చునే దొడ్డి. ఆ మాట చెబితే లింగం మురిసిపోయాడు. "అందుకనే గదమ్మా ప్రత్యేకంగ ఈ గది కట్టిచ్చింది" అన్నాడు.

అధ్యక్షుల వారంటే లాడ్జి యజమానుల సంక్షేమ సంఘం అధ్యక్షుడు భీమేష్. ఆయన వచ్చేలోగా గది గొప్పతనాన్ని బయటి నుంచి చూసే అవకాశం ఎస్తేర్‌కు దక్కింది. వాకిట్లోంచి గది దాకా నున్నటి ర్యాంపు వేశారు. ఇంజనీరు కొలతలు పట్టి వేయించిన ర్యాంపు. దానిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అది పోయి పోయి ఒక టేకు గడప దగ్గర ఆగింది. జానెడు ఎత్తు గడప. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిండుగా ఉంది.

గడప వద్దని ఇంజనీరు చెప్పకపోలేదు. లింగం తల్లి నర్సవ్వ ఒప్పుకోలేదు. బాత్రూంకు గడప తీసేస్తారా, తీసేసుకోండి. గదికి లేకుంటే మాత్రం తాను ఆ లాడ్జిలో అడుగు పెట్టనంది. ఆమె ఇప్పుడు ఆ గడప పక్కనే కుర్చీ వేసుకొని, ఎవరైనా తొక్కుతారేమోనని కాపలా కాస్తోంది.

"గడప లేని ఇల్లు ఇల్లేనా చెల్లె? లక్ష్మి ఎట్ల వస్తది?" అంది సాలవ్వతో.

"లక్ష్మి వస్తది సరే గాని, నా బిడ్డ ఎట్ల వస్తదక్కా?"

"అయ్యో, మోసుకపోనీకె మనుషులు లేరా ఏంది?"

మనుషులకు నిజంగానే కొదవ లేదు. భీమేష్ రానే వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు, చప్పట్లు మోగాయి. నలుగురు యువకులు కుర్చీని భుజాల ఎత్తుకు లేపారు. గడపకు కాలు తగలకూడదు కదా. ఎస్తేర్ పళ్లు బిగబట్టి, "జర మెల్లగ అన్నా, కుదపకుండ్రి" అంది. లోపల దింపారు. ఫోటోగ్రాఫరు తల అడ్డంగా ఊపాడు. అధ్యక్షుల వారి ముఖం రాలేదట. మళ్లీ బయటికి, మళ్లీ లోపలికి. ఈసారి ఎస్తేర్ కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి నవ్వమన్నాడు. ఇంకోసారి.

లోపల బాత్రూం తలుపుకు ఇంకొక రిబ్బను ఉంది. దాన్ని కూడా కత్తిరించాక, మొదట ఎవరు లోపలికి పోవాలన్న ప్రశ్న వచ్చింది. ఎస్తేర్ కుర్చీని ముందుకు తోసుకుంది. కానీ బోణీ పెద్దవాళ్ల చేతుల మీదుగా జరగడం ఆనవాయితీ. పైగా అధ్యక్షుల వారికి షుగరు. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. బయట అందరూ గౌరవంగా నిలబడ్డారు. నీళ్లు వదిలిన శబ్దం వినపడగానే ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు కూడా కొట్టారు.

భీమేష్ చేతులు తుడుచుకుంటూ వచ్చి బాత్రూం తలుపుకు అడ్డంగా నిలబడి మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా, దివ్యాంగులు కూడా మనలాంటి మనుషులే. ఈ సంగతి నాకు నిన్న ఈ ఉపన్యాసం రాసుకునేటప్పుడు తెలిసింది. నేనిప్పుడే ఈ బాత్రూం స్వయంగా వాడి వచ్చిన. ఎక్కుడు, దిగుడు, నాకైతే ఏ ఇబ్బందీ కాలేదు. నడిచేటోళ్లకే ఇంత సౌలతుగ ఉంటే నడవనోళ్లకు ఇంకెంత సౌలతుగ ఉంటదో మీరే ఆలోచించుండ్రి."

అందరూ ఆలోచించారు. చాలాసేపు ఆలోచించారు, ఎందుకంటే ఉపన్యాసం అంతసేపు సాగింది. సాలవ్వ రెండుసార్లు మధ్యలో లేవబోతే, వందన సమర్పణలో ఆమె పేరు కూడా ఉందని కూర్చోబెట్టారు.

చివరికి ప్రత్యక్ష ప్రదర్శన అని మైకులో చెప్పారు. విశిష్ట అతిథి సౌకర్యాలను వినియోగించుకొని చూపిస్తారట. ఎస్తేర్ కుర్చీ బాత్రూంలోకి కదిలింది. ఆమె వెనక అతిథులందరూ కదిలారు.

లోపల చూస్తే ఎటు చూసినా శ్రద్ధే. కమోడును గౌరవంగా ఉండాలని పాలరాతి దిమ్మె మీద ఎక్కించారు, సింహాసనం లాగా. పట్టుకొని లేవడానికి స్టీలు కమ్మీ బిగించారు; అయితే కమోడు పక్క గోడకు పూల టైల్స్ ఉన్నాయి, వాటికి చిల్లు పెట్టడం ఇష్టం లేక ఎదుటి గోడకు బిగించారు. ఆపదలో లాగే ఎర్ర తాడును పిల్లలు లాగకుండా చుట్టచుట్టి కప్పుకు దగ్గరగా కట్టారు. నీళ్లు ఈశాన్యానికి పారితే మంచిదని నేల వాలును అటు ఇచ్చారు. ఈశాన్యంలో గది ఉంది, మంచం ఉంది. నీళ్లు బయటికి పోయే మోరి నైరుతిలో ఉంది. తలుపు లోపలికి, సరిగ్గా దిమ్మె పక్కన కుర్చీ నిలిచే చోటికి తెరుచుకుంటుంది కాబట్టి కుర్చీ లోపల ఉండగా మూసుకోదు.

"సార్, జర అందరు బయటికి పోతరా?" అంది ఎస్తేర్.

"మనోళ్లే గదమ్మా, మొహమాటపడకు" అన్నాడు లింగం.

"నాకు అక్కరున్నది సార్. పొద్దుటి సంది ఆపుకున్న."

"అదే గద మాక్కూడ కావాల్సింది. సహజంగ వస్తది ఫోటో."

ఎస్తేర్ చుట్టూ చూసింది. ఆ బాత్రూం మొత్తంలో ఆమె చేతికి అందేది ఒక్కటే ఉంది, షవరు నల్లా. దాన్ని బిగించిన రోజు ప్లంబరుకు నడుం నొప్పి, కూర్చొనే బిగించాడు. ఇంజనీరుకు, వాస్తుకు, సంఘానికి తెలియకుండా అది సరైన ఎత్తులో కుదిరిపోయింది. ఎస్తేర్ చెయ్యి చాపి ఆ నల్లాను చివరి దాకా తిప్పింది.

నీళ్లు మోరి వైపు చూడను కూడా చూడలేదు. వాలు చెప్పినట్టు ఈశాన్యానికి పారాయి. బాత్రూంకు గడప లేదు కనుక గదిలోకి వచ్చాయి. గదికి గడప ఉంది కనుక అక్కడ ఆగాయి. పెద్దలు ముందు బూట్లు చూసుకున్నారు, తర్వాత లుంగీలు, పంచెలు ఎత్తి పట్టుకున్నారు. ఫోటోగ్రాఫరు మంచమెక్కాడు. అక్కడి నుంచి దూకాడు. అధ్యక్షుల వారు గడపను తొక్కి మరీ బయటపడ్డారు. నర్సవ్వ దండాలు పెట్టుకుంది.

"నిజాంసాగర్ నిండినట్టు నిండిందే" అంటూ సాలవ్వ నీళ్లలో నడుచుకుంటూ పోయి గది తలుపు వేసి గొళ్లెం పెట్టింది. తేలుతున్న ఒక తోలు చెప్పును కాలితో పక్కకు నెట్టింది. వచ్చి బిడ్డను రెండు చేతులా ఎత్తుకొని సింహాసనం మీద కూర్చోబెట్టింది. అటు తిరిగి నిలబడింది.

నల్లా నీళ్లు ఇంకా పారుతూనే ఉన్నాయి. బయట తలుపు కొడుతున్నారు. ఎస్తేర్ నిదానంగా కూర్చుంది.

తర్వాతి సంగతులు మీరు పేపర్లో చదివే ఉంటారు. 'సౌకర్యాలు కల్పించినా వినియోగంపై అవగాహన కరువు' అని వార్త వచ్చింది. దివ్యాంగులకు అవగాహన సదస్సు పెట్టాలని సంఘం తీర్మానించింది. సదస్సు సంఘం కార్యాలయంలో, రెండో అంతస్తులో. ఎస్తేర్ ఆ పూట రిసెప్షన్ సోఫా మీద పడుకొని, తెల్లారి పరీక్ష రాసి, ఎల్లారెడ్డి బస్సెక్కింది. గది మీద బోర్డు పెట్టారు: 'లోపల నీళ్లు నిలుచును గావున ఈ గది నడవగలిగిన వారికి మాత్రమే ఇవ్వబడును.'

గది బాగా నడుస్తోంది. పెండ్లిళ్ల సీజనులో ముందే చెప్పుకుంటే తప్ప దొరకదు. మీరు కూడా దిగే ఉంటారు. కామారెడ్డిలో ఇంత పెద్ద బాత్రూం ఎక్కడా లేదని ఇంటికి పోయి చెప్పే ఉంటారు. గోడకున్న ఆ స్టీలు కమ్మీ మీద తడి తువ్వాల ఆరేసుకుంటూ, ఎవరో గానీ చాలా ఆలోచించి పెట్టారు అనుకునే ఉంటారు.