పాలల్లో ఏమున్నది?

మెదక్ రాందాస్ చౌరస్తాకు కొంచెం అవతల జోయెల్ ఇల్లు. ఇంటి ముందు గదే అతని మైక్‌సెట్ల దుకాణం. పెళ్ళికైనా, ప్రార్థన కూటానికైనా, ఎన్నికల ఊరేగింపుకైనా మైకు కావాలంటే అతని దగ్గరికే రావాలి. ఊరందరికీ మైకు ఇచ్చే ఆ మనిషికి మైకు ఇచ్చే పుణ్యాత్ముడు మాత్రం ఇంతవరకు పుట్టలేదు.

ఎందుకంటే జోయెల్ చర్చి కొయ్యర్‌లో అందరికన్నా అడుగున పలికే బేస్ గొంతు పాడతాడు. కొయ్యర్ లీడరు పౌలు అతన్ని ఎప్పుడూ చివరి వరసలో, మైకుకు దూరంగా, స్తంభం పక్కన నిలబెడతాడు.

"నీ గొంతుకు మైకెందుకన్నా, ఊకెనే బయటిదాంక ఇనవడ్తది" అంటాడు పౌలు.

ఆ మాటను మెచ్చుకోలుగా తీసుకుని జోయెల్ ఇన్నేళ్ళూ సంతోషంగా బతికాడు. అంతలో ఇంట్లోకి ఆవుపాలు వచ్చాయి.

కూతురు క్రిస్టినాకు ఏడాది నిండింది. దవాఖానలో పిల్లల డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. "ఇగ డబ్బాపాలు బంద్ చెయ్యొచ్చు. ఆవుపాలు మంచిగ కాచి, ముందుగాల డబ్బాపాలల్ల జరన్ని కలుపుండ్రి. రోజురోజుకు పెంచుకుంట పోండ్రి. అన్నం, పప్పు తినిపియ్యిండ్రి, ఒక్క పాలమీదనే ఉంచకుండ్రి."

జోయెల్ భార్య ఫేబ బుద్ధిగా తల ఊపింది. జోయెల్ మాత్రం బయటికి రాగానే కాలర్ సర్దుకున్నాడు.

"మిక్సింగు నాకు నేర్పుతరా? పొద్దంత నేను చేసే పనే గది. గంత పరేషాన్ ఎందుకు, డైరెక్ట్ కనెక్షన్ ఇస్త."

"పిల్ల కడుపయ్యా అది, ఆంప్లిఫయర్ కాదు" అంది ఫేబ.

అసలు సంగతి ఏమిటంటే, వచ్చే సోమవారం నుంచి ఫేబ మళ్ళీ బడికి వెళ్ళాలి. ఆమె టీచరు. పొద్దున, సాయంత్రం పాలు తను పట్టగలదు. మధ్యాహ్నం పాలు తాగకపోతే క్రిస్టినా నిద్రపోదు. నిద్రపోకపోతే ఆ వీధిలో ఇంకెవరూ నిద్రపోలేరు. కాబట్టి మధ్యాహ్నం సీసా జోయెల్ చేతి మీదుగానే దిగాలి.

"ఆదివారం దాంక చూస్త. నీ చేత తాగకపోతే పిల్లను తీస్కొని చేగుంట పోత. మా అమ్మ చూసుకుంటది. నేను ఆడికెల్లే బడికి వచ్చిపోత" అని ఫేబ తేల్చి చెప్పింది.

క్రిస్టినా ఈ మధ్యనే జోయెల్‌ను చూసి "బ్బా" అనడం మొదలుపెట్టింది. ఆ "బ్బా" లేని ఇంట్లో ఖాళీ స్పీకర్ల మధ్య కూర్చోవడం అతను ఊహించుకోలేకపోయాడు. తన వంట తనే వండుకుని తినడం అంతకన్నా ఊహించలేకపోయాడు.

"అట్ల కానే కాదు. ఇయ్యాల్టికెల్లి డబ్బాను నేను ముట్ట. మధ్యాహ్నం డ్యూటీ నాది. నువ్వు దగ్గరికి కూడ రావద్దు" అని శపథం చేశాడు.

ఫేబ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. "సరే మరి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే జోయెల్ అనుమానించి ఉండాల్సింది. పెళ్ళయి నాలుగేళ్ళైనా ఆ తెలివి ఇంకా రాలేదు.

మొదటి రోజు. హవేలిఘనపూర్ నుంచి ఐలవ్వ తెచ్చిపోసిన ఆవుపాలు కాచి, చల్లార్చి, సీసాలో పోసి, పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. పాట లేకుండా పాలు ఎలా దిగుతాయి? గొంతు సవరించుకుని ఒక కీర్తన అందుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది ఉంది. కొయ్యర్‌లో రాగం ఆడవాళ్ళు పాడతారు. బేస్ వాళ్ళు అడుగున ఉండి ఊతం ఇస్తారు. జోయెల్‌కు ఆ అడుగు తప్ప పైన రాగం తెలియదు. అందుకని అతను పాడింది ఏ కీర్తనో దాన్ని రాసినవాళ్ళు వచ్చి విన్నా గుర్తుపట్టేవారు కాదు. బావిలో పడ్డ మోటారు పంపు పైకి తియ్యమని మొరపెట్టుకున్నట్టుగా ఉంది.

క్రిస్టినా కళ్ళు పెద్దవి చేసుకుని తండ్రి గొంతువైపు చూసింది. ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో కనిపెడదామని అతని గొంతుమీద వేలు పెట్టి పొడిచింది. తర్వాత కింది పెదవి ముందుకు వచ్చింది. ఆ తర్వాత నోట్లో ఉన్న పాలన్నీ జోయెల్ చొక్కా మీదికి వచ్చాయి.

"ఏమాయె?" అని లోపలినుంచి ఫేబ అడిగింది.

"ఏం గాలె. రుచి చూస్తున్నది."

"నీ చొక్కాదా?"

జోయెల్ మామూలు మనిషి కాదు. మైకులో కుయ్యిమని చప్పుడు వస్తే వైరు వైరు విప్పి తప్పు పట్టుకునేదాకా అన్నం ముట్టడు. ఇదీ అలాంటి కేసే అనుకున్నాడు. పాలల్లో ఏదో ఉంది. ఆ ఏదో ఏమిటి?

వేడి ఎక్కువైందేమో అని మరునాడు గోరువెచ్చగా ఇచ్చాడు, పాట పాడుతూ. ఊసేసింది. సీసా నచ్చలేదేమో అని స్టీలు గ్లాసులో ఇచ్చాడు, పాట పాడుతూ. గ్లాసు తోసేసింది. మీగడ వాసనేమో అని మూడుసార్లు వడగట్టి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కాకిని చూపిస్తూ, పాట పాడుతూ ఇచ్చాడు. పిల్ల ఊసేసింది, కాకి లేచిపోయింది.

మిగిలిన పాలు పారబొయ్యడానికి మనసొప్పక ప్రతిసారీ తనే తాగాడు. క్రిస్టినాకు ఆవుపాలు అలవాటు కాలేదు గాని జోయెల్‌కు బాగా అలవాటయ్యాయి. బెల్టు ఒక బొక్క వెనక్కి జరిగింది.

"పిల్ల ఎట్లున్నదో గాని, నువ్వు మాత్రం మస్తు ఒళ్ళు చేసినవ్" అంది ఫేబ.

"నవ్వుతవా? నేను గింత పరేషాన్‌ల ఉంటె? అసలు నువ్వు డబ్బాపాలు పడ్తె ఎట్ల తాగుతదే?"

"మంచిగనే తాగుతది నా చేత" అంది ఫేబ, ఉల్లిగడ్డ కోస్తూ. అబద్ధమాడలేదు. కాని డబ్బా మాట ఎత్తలేదు. జోయెల్ అది గమనించలేదు.

చివరికి అతనొక నిర్ణయానికి వచ్చాడు. సీసా తప్పు కాదు, వేడి తప్పు కాదు. మరి తప్పంతా ఆవుది. మూలంలోకి వెళ్ళాలి. బండి తీసి హవేలిఘనపూర్ వెళ్ళాడు.

ఐలవ్వ ఆవు పేరు బంగారి. బుద్ధిమంతురాలు. నెమరు వేస్తూ వచ్చినవాళ్ళను ఆసక్తిగా చూస్తుంది. జోయెల్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పళ్ళు చూడబోయి మానుకున్నాడు.

"ఏం మేపుతున్నవవ్వా?"

"గడ్డి సారూ. మరి ఆవుకు బిర్యాని పెడ్తరా?" అంది ఐలవ్వ పాలు పిండుతూ.

ఆవు మనసు బాగుంటే పాలు బాగుంటాయని జోయెల్‌కు తోచింది. గొంతు సవరించుకుని కీర్తన అందుకున్నాడు. బంగారి నెమరు ఆపింది. చెవులు రెండూ వెనక్కి పెట్టింది. మరుక్షణం కాలితో బకెట్టును ఒక్క తన్ను తన్నింది. అది వెళ్ళి పేడకుప్పలో పడింది.

"అయ్యో నా పాలు! నీకు దిష్టి ఉన్నది సారూ, దిష్టి! పొద్దుగాల ఎవరి మొకం చూసి ఒచ్చినవో ఏమో!" అని ఐలవ్వ మొత్తుకుంది.

జోయెల్ తల గోక్కున్నాడు. దిష్టి మీద అతనికి నమ్మకం లేదు. కాని ఒకటి అర్థమైంది, లేక అర్థమైందని అనుకున్నాడు. పిల్లకు ఆవు తెలియదు, ఆవుకు పిల్ల తెలియదు. పరిచయం లేనివాళ్ళ ఇంట్లో మనం మాత్రం పాలు తాగుతామా?

అంతే. ఆదివారం ఆరాధన అయ్యాక, బతిమాలి బామాలి, ఐలవ్వనూ బంగారినీ ట్రాలీ ఆటోలో ఇంటికి రప్పించాడు. వీధంతా తలుపుల్లోకి వచ్చింది. ఎదురింటి కిష్టవ్వ ఎండబెట్టిన మిరపకాయల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆవును ఎందుకు తెచ్చిండ్రు బిడ్డా, మైకు కిరాయికి కావాల్నంటనా?" అని అడిగింది.

ఫేబ గడపలో నిలబడింది, చంకలో క్రిస్టినా. పిల్ల ఆవును చూసి చేతులు చాపి "బ్బా!" అంది. తన బిరుదు ఆవుకు పోయినందుకు జోయెల్‌కు కొంచెం బాధ కలిగింది. కాని పని జరుగుతోంది కదా అని సర్దుకున్నాడు. బంగారి కూడా మెడ చాచి పిల్లను వాసన చూసింది. ఇద్దరూ కుతూహలంగా ఒకరినొకరు చూసుకున్నారు. అక్కడితో ఊరుకుంటే కథ సుఖంగా ముగిసేది.

జోయెల్ ఊరుకోలేదు. పరిచయానికి పాట ఉండాలి. ఆ పాట ఇద్దరికీ సమానంగా వినిపించాలి. జన్మలో మొదటిసారి తన మైకు తనే అందుకుని, పెద్ద స్పీకరుకు తగిలించి, కళ్ళు మూసుకుని, కడుపులోంచి ఒక్క స్వరం తీశాడు.

కళ్ళు తెరిచేసరికి బంగారి లేదు. మైకు వైరూ లేదు. వైరు కొమ్ములకు చుట్టుకుని, స్టాండు వెనక దొర్లుకుంటూ వస్తుంటే, ఆవు కిష్టవ్వ మిరపకాయల మీదుగా వీధి చివరికి ఒకసారి, అక్కడినుంచి వెనక్కి ఇంకోసారి పరుగెత్తింది. ఘాటుకు వీధంతా తుమ్మింది. "బంగారీ! బంగారీ!" అని ఐలవ్వ, "నా మిరుపకాయలు!" అని కిష్టవ్వ, వాళ్ళిద్దరినీ మించి క్రిస్టినా ఏడుపు. ఇవతల జోయెల్ ఇంకో మైకు అందుకుని, ఆవును శాంతింపజెయ్యడానికి రెండో చరణం ఎత్తుకున్నాడు.

ఫేబ నడిచి వెళ్ళి ప్లగ్గు పీకేసింది. తర్వాత వచ్చి మొగుడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

వీధి నిశ్శబ్దమైంది. బంగారి ఆగి, నెమరు మొదలుపెట్టింది. క్రిస్టినా ఏడుపు మాని ఎక్కిళ్ళు పెట్టింది.

"వోల్టేజ్ ఎక్కువైనట్టున్నది" అన్నాడు జోయెల్, ఆమె వేళ్ళ సందులోంచి.

మిరపకాయలన్నీ ఏరిపెట్టి, ఐలవ్వను సాగనంపి, ఇంట్లోకి వచ్చాడు. పిల్ల పాలకు మారాం చేస్తోంది. జోయెల్ కుర్చీలో కూలబడ్డాడు.

"నాతోని కాలె ఫేబా. బట్టలు సర్దుకో. చేగుంట పోండ్రి. రోజు సాయంత్రం నేనే వచ్చి చూసిపోత. ఇయ్యాలన్న కడుపు నిండ తాగనీ, డబ్బాపాలే కలిపిస్త" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపకాయల వల్ల మాత్రం కాదు.

శపథం పక్కనబెట్టి పాలడబ్బా దించి మూత తీశాడు. లోపల ఉప్మారవ్వ ఉంది.

"ఇదేంది?"

"రవ్వ. డబ్బా ఒడిసి రెండు రోజులాయె."

"మరి పొద్దుగాల, సాయంత్రం నువ్వు పట్టేది?"

"ఆవుపాలు. డాక్టరమ్మ చెప్పినట్టె జరజర కలుపుకుంట వచ్చిన. ఇప్పుడు ఒట్టి ఆవుపాలే గటగట తాగుతది."

జోయెల్ డబ్బాను ఒకసారి ఊపి చూశాడు. "మరి నా చేత ఎందుకు తాగది?"

ఫేబ కాచిన పాలు సీసాలో పోసి అతని చేతికిచ్చింది. పిల్లను ఒళ్ళో పెట్టింది. "తాపు. నోరు మాత్రం తెరువకు."

పాట లేకుండా పాలు పట్టడం జోయెల్‌కు నిక్కరు లేకుండా బజారుకు పోయినంత ఇబ్బందిగా అనిపించింది. పెదాలు బిగపట్టుకున్నాడు. క్రిస్టినా అతని గొంతు వైపు అనుమానంగా చూసింది. వేలితో పొడిచి చూసింది. లోపల ఏ మోటారూ లేదని తేల్చుకున్నాక, సీసా పట్టుకుని గుటగుటా తాగింది.

పాలల్లో ఏమీ లేదు. ఇన్నాళ్ళూ అందులో ఉన్నది జోయెల్ పాటే. కొయ్యర్‌లో పౌలు తనను నిలబెట్టే ఆ స్తంభం కూడా అప్పుడే అతనికి గుర్తుకొచ్చింది.

"నీకు మొదటి రోజే ఎర్కనా?" అని గుసగుసగా అడిగాడు.

"తలుపు చాటుకెల్లి చూసిన గద."

"మరి చెప్పొద్దా!"

"చెప్తె నువ్వు పాలు కాగవెట్టుడు నేర్చుకుంటుంటివా? సీసాలు ఉడకవెట్టుడు, పిల్లను ఎత్తుకునుడు, ఉయ్యాల ఊపుడు... చెప్పిన తెల్లారే దుకాణంల కూసుంటుంటివి. ఇప్పుడు నేను నిమ్మళంగ బడికి పోవచ్చు." ఫేబ అతని తల నిమిరింది. "చేగుంట పోయేదాన్ని కాదులే. నువ్వు లేంది నాకు పొద్దు పోతదా?"

ఓడిపోయానని జోయెల్‌కు తెలుసు. అయినా ఎందుకో ఒళ్ళంతా తేలికైంది. ఒళ్ళో పిల్ల, పక్కన భార్య, చేగుంట ప్రయాణం రద్దు. ఆనందం పట్టలేక, తనకు తెలియకుండానే, గొంతు అడుగునుంచి ఒక చిన్న కూనిరాగం బయలుదేరింది.

క్రిస్టినా తాగడం ఆపింది. తండ్రి మొహంలోకి ఒకసారి చూసింది. సీసా తన నోట్లోంచి తీసి, రెండు చేతులతో పట్టుకుని, అతని నోట్లో పెట్టేసింది.