జామతోటలో రెండు ట్రాక్టర్లు

ఆ ఉదయం చూద్దాంగారి పథకంలో లోపమేమీ కనిపించలేదు. తూర్పు గేటు నుంచి ఎర్ర ట్రాక్టర్ వస్తుంది, పడమటి గేటు నుంచి నీలి ట్రాక్టర్. రెండూ చిన్నవే, మధ్యలో జామతోట. ఒకరికి తెలియకుండా ఒకరి డెమో చూసి, సాయంత్రానికి ఏదో ఒకటి తేల్చేయాలి.

ఏమడిగినా "చూద్దాం" అంటాడు కనుక ఆయనకా పేరు స్థిరపడింది. ఎర్ర కంపెనీది చవక, నీలి కంపెనీకి పేరు. ఏది తీసుకోవాలో రెండేళ్లుగా తేలలేదు. ఎవరి ముఖాన కాదని చెప్పాల్సి వచ్చినా ఆయన మాట దాటేసేవాడు. అది తన మంచితనమనుకునేవాడు. భార్య భయమనేది. ఈలోగా కిరాయి ట్రాక్టర్ చెట్ల వరసల మధ్య పట్టక కొమ్మలు విరిచింది, కలుపు మోకాళ్ళ దాకా లేచింది.

"ఇవాళ తేల్చకపోతే తోట మా అన్నయ్యకి కౌలుకిచ్చేస్తా" అందామె. "ఈ చెట్లు నాటింది నేను. నా కళ్ళముందు ఎండిపోతుంటే ఊరుకోను."

ఎర్ర డీలరు బండి తనే నడుపుకుంటూ వచ్చాడు. "ఇంకెవరినైనా పిలిచారా అండీ?"

"అబ్బే, మీరొక్కరే" అని చెప్పి, చూద్దాంగారు పడమటికి పరిగెత్తి నీలి డీలరుకూ అదే మాట చెప్పాడు.

"మరి ఆ చప్పుడేంటి సార్?"

"పక్క తోటలో నీళ్ళ మోటారు."

"మోటారు గేర్లు మారుస్తోందే!"

చూద్దాంగారు వినిపించుకోలేదు. ఇద్దరూ ఎదురుపడకుండా ఉండాలంటే ఇద్దరికీ పని ఉండాలి. అందుకే "ఇంకొక్క వరస దున్ని చూపించండి" అంటూ అటూ ఇటూ పరిగెత్తాడు. దున్నేకొద్దీ మధ్యలో జాగా తగ్గుతోందని ఆయనకు తట్టలేదు. చివరి వరసలో రెండు ట్రాక్టర్లూ ముక్కూ ముక్కూ ఆనించి ఆగాయి.

"మీరొక్కరే అన్నారు కదండీ?" అన్నాడు ఎర్ర డీలరు.

"నాకూ అదే చెప్పారు" అన్నాడు నీలి డీలరు. "నేనైతే వెనక్కి తీయను."

ఇద్దరూ చూద్దాంగారి వైపు తిరిగారు. ఆయన నోట అలవాటైన మాటే వచ్చింది.

పాపం, ఆ ముఖం చూసి ఎర్ర డీలరే బండి వెనక్కి తీశాడు. నీళ్ళ పైపు కారి నేల నాని ఉన్న చోట వెనక చక్రాలు దిగబడ్డాయి. నీలి బండికి గొలుసు కట్టి లాగారు. ఆ బరువుకి కారుతున్న పైపు కాస్తా పగిలి, నీళ్ళు చెట్లకంటే ఎత్తుకి లేచి అందరినీ తడిపేశాయి.

నీలి డీలరు తడిసిన చొక్కా చూసుకున్నాడు. "డెమోలో జరిగినవాటికి షోరూంకి సంబంధం లేదు సార్. నాకింకో చోట డెమో ఉంది" అని గొలుసు విప్పుకుని వెళ్ళిపోయాడు.

ఎర్ర డీలరు ప్యాంటు మడిచి గుంటలోకి దిగాడు. చూద్దాంగారి భార్య అప్పటికే వాల్వు కట్టేసి పార తెచ్చింది. ఇద్దరూ కలిసి పైపు అతికారు, చక్రాల కింద చెక్కలు పెట్టి బండి పైకి తెచ్చారు.

"మీ బండి ఎప్పుడూ ఇలాగే దిగుతుందా?" అడిగిందామె.

"తడి నేలైతే దిగుతుందమ్మా, తేలిక బండి. ఇనుప చక్రాలు తగిలించాలి. అవి రావడానికి నెల పడుతుంది. తొందరైతే వాళ్ళదే తీసుకోండి. మంచి బండే."

ఆమె తోటంతా కలయజూసింది. పోటీపడి దున్నారేమో, ఎక్కడా కలుపు మొక్క మిగల్లేదు.

"తొందరేముంది? నెల ఆగుతాం. మీదే తీసుకుంటాం."

"నేను వద్దంటున్నా కదమ్మా!"

"అందుకే."

"అది కాదే, కంపెనీ పేరు..." చూద్దాంగారు గొణిగాడు.

"పైపు పగిలినప్పుడు ఆ పేరు పెట్టి పిలిచి చూడాల్సింది. పలికేదేమో!"

ఆయన, మోచేతుల దాకా బురదతో నిలబడ్డ భార్యని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. మనుషులను తూచాల్సి వస్తుందనే భయంతోనే తను ఇన్నాళ్ళూ యంత్రాలను తూచుతూ కూర్చున్నాడు. ఆమె మాత్రం పైపు అతికేలోపే ఇద్దరినీ తూచేసింది.

అంతలో ఆమె అన్నయ్య ఫోన్ చేశాడు. "తోట సంగతేం చేశారమ్మా?"

"ఇవ్వట్లేదన్నయ్యా. ట్రాక్టర్ కొంటున్నాం."

"మీ ఆయన తేల్చాడా! ఏ రంగుది?"

ఆమె బండిని ముందు నుంచి వెనక దాకా చూసింది.

"ప్రస్తుతానికి బురద రంగు."