ముగ్గురు కలిస్తేనే పత్తి

మన దేశానికి ఇంకా కమిటీలు కావాలి! నవ్వకండి. మీరు కట్టుకున్న నూలు చీర, తొడుక్కున్న చొక్కా కమిటీ చలవే!

గుంటూరులో బయోటెక్నాలజీ చదివే మా మనవరాలు తేజశ్రీ చెప్పింది. గింజకు పత్తి నూగు మొలవాలంటే లోపలి జీన్ మేలుకోవాలట. దాన్ని లేపడానికి మూడు ప్రోటీన్లు జట్టు కట్టాలట. ఒకటి జీన్‌ను పట్టుకుంటుంది. రెండోది దాని చెయ్యి పట్టుకుంటుంది. మరి మూడోది?

"అది ఏ పనీ చెయ్యదు అమ్మమ్మా. పీటలాగా ఉండి మిగతావాటిని కలిపి కూచోబెడుతుంది."

"అచ్చం మీ తాత!" అన్నాను.

ఈ ఏడు మా రెండెకరాల బీటీ పత్తి నా నెత్తి దాటి పెరిగింది. గూడమొగ్గ లేదు, పువ్వు లేదు, కాయ లేదు! విత్తనం నకిలీదని ఫిర్యాదు చేస్తే, చూసి పరిహారానికి రాసివ్వడానికి కమిటీ వేశారు. వ్యవసాయాధికారి, రెవెన్యూ అధికారి, కంపెనీ మనిషి. ముగ్గురూ ఒకేసారి చేలో నిలబడి చూడాలి. ఎంత శాస్త్రీయం!

సోమవారం ఒకాయన వచ్చి, మిగతా ఇద్దరూ లేరని వెళ్ళాడు. గురువారం ఆ ఇద్దరొచ్చి, మొదటాయన లేడని టీ తాగి వెళ్ళారు. ఇలా ఆరు వారాలు!

"పీకి మేకలకెయ్యి పిన్నమ్మా! మిరపనారు ముదిరిపోతంది," అని పక్క చేను బుల్లయ్య ఒకటే గోల. పీకితే సాక్ష్యం పోతుంది. ఉంచితే మిరప అదును పోతుంది.

అప్పుడు వెలిగింది నాకు. ముగ్గురున్నారు గాని పీట లేదు! నేనే పీటనయ్యాను. నాటుకోడి కూర, గోంగూర, పండుమిరప పచ్చడి చేసి, ఎవరికి వారికి విడిగా కబురంపాను. పన్నెండున్నరకల్లా ముగ్గురూ దిగారు! తిన్నారు, గట్టు మీద నిలబడ్డారు, సంతకాలు చేశారు.

సెలవులకొచ్చిన తేజశ్రీ కాగితం చదివింది. "పైరు పచ్చగా, ఏపుగా ఉన్నది. లోపమేమీ లేదు."

"కాయలేవండీ?" అన్నాను.

"పైరు చూడమన్నారమ్మా, కాయలు చూడమని ఆర్డర్లో లేదు," అన్నాడు వ్యవసాయాధికారి, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ.

అయినా కమిటీల మీద నా భక్తి చెక్కు చెదరలేదు. ఇలాంటి జట్టును విడగొట్టే ఉపాయం మొక్కలో ఉందా అని మాత్రం అడిగాను.

"ఎందుకు లేదు? ఇంకో చిన్న ప్రోటీన్ వచ్చి వాటిలో ఒకదాని చోట్లో కూచుంటుంది. ఇక ఆ జట్టు పనిచెయ్యదు," అంది తేజశ్రీ.

అందుకే రేపు పొద్దున బస్సుకు మండలాఫీసుకు పోతున్నాను. కూచోడానికి ఆఫీసులో చోటు దొరుకుతుందా అంటారా? పదకొండింటి దాకా అక్కడ ఖాళీగా లేని కుర్చీ ఒక్కటి చూపించండి!